మత్తడి గీతకు 44 మీటర్లు: చెరువు ఒడ్డు గది ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ 14, ఆదివారం

వికారాబాదు దాటి తాండూరు దారిలో కొంత దూరం వెళ్ళాక తారురోడ్డు విడిచి మట్టిబాటన నాలుగు కిలోమీటర్లు నడిస్తే, అనంతగిరి కొండల పడమటి వాలులో ఒక పాత చెరువు వస్తుంది. ఆ చెరువుకు ఒక పక్క కట్ట, దాని కింద ఆయకట్టు పొలాలు ఉంటే, మిగిలిన మూడు పక్కలా మోదుగ, తుమ్మ, ఈత చెట్లతో మొదలై అడవిలోకి కలిసిపోయే నేల ఉంటుంది. అడవి వైపు ఒడ్డున, మా మామగారి పట్టా పొలంలో, ఆయన 1984లో పంట కావలి కోసం కట్టించిన రాతిగది ఒకటి ఉంది. పొడవు 16 అడుగులు, వెడల్పు 12 అడుగులు. కరెంటు లేదు, కుళాయి లేదు, ఫోను మోగాలంటే చుట్టూ తిరిగి కట్ట ఎక్కాలి. దాదాపు పదిహేనేళ్ళుగా ఎవరూ ఆ తలుపు తీయలేదు.

ఈ గదిని బాగుచేసి, వచ్చే కార్తీకమాసంలో నేనూ నా భార్యా పది రోజులు అక్కడ ఉండాలని ఈ ఉగాదికి నిర్ణయించుకున్నాం. ఇప్పుడు మాతోపాటు మల్కాజిగిరిలో ఉంటున్న మామగారికి 82 ఏళ్ళు. అనుమతి అడిగినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "గదిని ఎట్లయినా చేసుకో అల్లుడా, చెరువును మాత్రం ఖరాబు చెయ్యకు" అన్నారు. ఈ ప్రాజెక్టుకు నేను రాసుకున్న మొదటి నియమం అదే.

ఈ రోజు చూసి వచ్చినవి: గోడలు ఒకటిన్నర అడుగు మందాన మట్టి అడుసుతో కట్టిన రాతి గోడలు, ఎక్కడా వంగలేదు. పైకప్పు జింకు రేకులు తుప్పుపట్టి, చేయి వేస్తే పొడిగా రాలుతున్నాయి. దూలం టేకుది, గట్టిగానే ఉంది. వాసాలలో సగానికి చెదలు పట్టింది. నేల మట్టినేల. లోపల గబ్బిలాల వాసన. తలుపుకు ఎదురుగా, నీళ్ళు బాగా వెనక్కి తగ్గిపోయిన చెరువు.

ఏప్రిల్ 28, ఆదివారం

ఈ రోజు ఒక్క ఇటుక ముట్టలేదు, ఒక్క మేకు కొట్టలేదు. రోజంతా ఎత్తులు కొలవడానికే సరిపోయింది. అయినా ఈ ఏడాది పనిలో ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన రోజని నా నమ్మకం.

చెరువు ఒడ్డున ఏ పని చేయాలన్నా ముందు తెలియవలసింది, నిండినప్పుడు నీరు ఎక్కడిదాకా వస్తుందన్నది. దానిని అధికారులు పూర్తి నిల్వ మట్టం అంటారు. కాగితాల మీదా, వార్తలలోనూ ఎఫ్‌టీఎల్ అనే మాటగా అందరికీ పరిచయమైన గీత అదే. ఆ గీత లోపలి నేల శిఖం. అందులో కట్టడానికి వీల్లేదు. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఆ గీత నుండి 30 మీటర్ల వరకు, అంతకన్నా చిన్నవాటికి 9 మీటర్ల వరకు ఖాళీ వదలాలి. ఈ చెరువు నిండితే 60 ఎకరాలపైన, అంటే దాదాపు 24 హెక్టార్లు ఉంటుంది కాబట్టి, పెద్ద చెరువు లెక్కే మాకు వర్తిస్తుందనుకున్నాను. మేము కొత్తగా కట్టడం లేదు, ఉన్నదానిని బాగుచేస్తున్నాం. అయినా గీత ఎక్కడుందో తెలియకుండా పని మొదలుపెట్టడం నాకు సమ్మతం కాలేదు.

చెరువు పూర్తి మట్టాన్ని నిర్ణయించేది మత్తడి. నీరు మత్తడి రాళ్ళ అంచును దాటితే బయటికి పోతుంది కనుక, ఆ అంచు ఎంత ఎత్తున ఉందో చెరువు అంత ఎత్తుకే నిండుతుంది. అయితే మత్తడి మా గదికి చెరువు అవతల, నడిచి వెళ్ళాలంటే ముప్పావు గంట దూరంలో ఉంది. ఆ ఎత్తును ఈ ఒడ్డుకు మోసుకురావడం ఎలా అని రెండు వారాలు ఆలోచించాను. కొలిచే యంత్రం అద్దెకు తెద్దామనుకుంటుండగా, చెరువే ఒక పెద్ద మట్టపు పలక కదా అని తట్టింది. గాలి లేనప్పుడు నిలిచిన నీటి ఉపరితలం ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా ఒకే ఎత్తులో ఉంటుంది. మత్తడి అంచు ఆ నీటికన్నా ఎంత పైన ఉందో అక్కడ కొలిచి, గది నేల అదే నీటికన్నా ఎంత పైన ఉందో ఇక్కడ కొలిచి, మొదటిదాన్ని రెండోదానిలో నుండి తీసివేస్తే సరిపోతుంది.

గాలి వీస్తే నీరు ఒక ఒడ్డుకు నెట్టుకుపోతుంది కనుక తెల్లవారకముందే మొదలుపెట్టాం. మత్తడి దగ్గర నీటి అంచు నుండి రాళ్ళ అంచు వరకు 2.10 మీటర్లు వచ్చింది. తరువాత ఈ ఒడ్డుకు వచ్చి, మేస్త్రీలు వాడే 20 మీటర్ల పారదర్శక గొట్టంలో నీళ్ళు నింపి, గడ్డపలుగులు నాటుకుంటూ, ఒక్కొక్క మజిలీగా నీటి అంచు నుండి గుమ్మం దాకా వచ్చాం. గొట్టంలో బుడగలు మిగిలితే లెక్క తప్పుతుంది కాబట్టి ప్రతి మజిలీకీ ఆగి, బుడగలు పోయేదాకా తట్టి, రెండుసార్లు చూశాం. గది నేల నీటికన్నా 3.65 మీటర్ల ఎత్తున ఉంది. అంటే చెరువు నిండినా మా గది నేల నీటికి మీటరున్నర పైనే ఉంటుంది. నీటికన్నా సరిగ్గా 2.10 మీటర్ల ఎత్తున్న చోట ఒక ఇనుప మేకు పాతి, దానికి ఎర్రరంగు వేశాను. అక్కడినుండి గోడకు టేపు పట్టితే 44 మీటర్లు.

సాయంత్రం ఆ ఊరి నీరటి వచ్చాడు. తూము ఎత్తడం, దించడం, ఏ కాలువకు ఎప్పుడు నీరు వదలాలో చూడడం వాళ్ళ ఇంటి పని. ఆయన తండ్రీ తాతా చేసిందే. మేకును చూసి, దానికి నాలుగైదు అడుగులు ఇవతల, గది వైపు ఉన్న పాత చింతమొద్దును కాలితో తట్టి, "సారూ, మత్తడి జోరుగ దుంకినప్పుడు నీళ్ళు ఈ మొద్దు దాటుతయ్" అన్నాడు. నా లెక్క మీద నాకు నమ్మకం ఉంది. అయినా ఆయన మాట కూడా పుస్తకంలో రాసుకున్నాను.

మే 12, ఆదివారం

మరుగుదొడ్డి ఎక్కడ, ఎలాంటిది అన్న ప్రశ్నకు ఈ రోజు ముగింపు దొరికింది.

నీళ్ళు పోసే మామూలు దొడ్డికి గుంట తవ్వాలి. ఇక్కడ మీద రెండు మూడు అడుగులు ఎర్రమొరం, దానికింద పగుళ్ళున్న రాయి. వానాకాలంలో భూగర్భజలం పైకి వచ్చినప్పుడు గుంటలోనిది ఆ పగుళ్ళ వెంట నేరుగా చెరువుకు చేరుతుంది. ఎంత దూరం జరిపినా రాతి పగులు ఎటు పోతుందో పైనుండి కనబడదు. అందువల్ల గుంట ఆలోచన మానుకుని, నీళ్ళు వాడని పొడి దొడ్డి కట్టాలని నిశ్చయించాం. గదికి వెనక, చెరువుకు దూరంగా మరో 40 మీటర్లు మెట్టకు వెళ్ళి, నేలకు పైన షాబాదు బండలతో రెండు గూళ్ళు కడతాం. మూత్రం వేరే గొట్టంలో వేరుగా పోతుంది. మలం మీద ప్రతిసారి పిడికెడు బూడిద, రంపపు పొట్టు చల్లాలి. ఒక గూడు నిండాక మూసి ఏడాదిపాటు ముట్టకుండా వదిలేస్తే ఎరువు అవుతుంది. దానిని చెట్లకే వేస్తాం, కూరగాయలకు కాదు. బూడిద తేమను పీలుస్తుంది, వాసననూ ఈగలనూ ఆపుతుంది. నా భార్యకు మొదట ఇష్టం లేదు. పగుళ్ళ సంగతి రాతి ముక్క చేతికిచ్చి చూపించాక ఆమే స్థలం ఎంచింది.

స్నానం నీళ్ళకు, గిన్నెలు కడిగిన నీళ్ళకు గది పక్కన అరటి మొక్కల పాదు. సబ్బు విషయంలో ఇంకా కఠినంగా ఉండాలనుకున్నాం. బట్టల పొడిలోని ఫాస్ఫేటు నీటిలో నాచుకూ గుర్రపుడెక్కకూ బలమైన ఎరువు. హైదరాబాదులో గుర్రపుడెక్క కప్పేసిన చెరువుల పక్కనుండి నడిచినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. అక్కడ పది రోజులు బట్టలు ఉతకం. మాసినవి మూటకట్టి ఇంటికి తెస్తాం. ఒంటికి సున్నిపిండి, గిన్నెలకు బూడిద, తలకు కుంకుడుకాయ.

మే 19, ఆదివారం

సున్నం పని పాడైంది.

గోడలకు సిమెంటు పూయనని మొదటే అనుకున్నాను. మట్టి అడుసుతో కట్టిన రాతి గోడ నేలలోని తేమను పీల్చుకుని, ఎండకు గాలికి వదిలేస్తుంది. దానికి సిమెంటు పొర వేస్తే తేమ లోపలే చిక్కి, అడుసు మెత్తబడి, కొన్నేళ్ళకు సిమెంటు పెచ్చులతోపాటు రాళ్ళూ జారతాయి. సున్నం అలా మూసేయదు. గోడను ఊపిరి తీసుకోనిస్తుంది. 1591లో కట్టిన చార్మినారును నిలబెట్టింది కూడా సున్నపు గచ్చే. పని తెలిసిన పెద్ద మేస్త్రీని వెతకడానికి నాకు నెల పట్టింది. ఇప్పటి కుర్రవాళ్ళు చాలామంది సున్నం తాపీ పట్టనే లేదట.

కాల్చిన సున్నపురాయిని తొట్టిలో నీళ్ళు పోసి చల్లార్చి, ఇరవై రోజులు నీళ్ళ కిందే నానబెట్టాం. ఒక పాలు సున్నానికి మూడు పాళ్ళు ఇసుక వేసి, కరక్కాయలు నానబెట్టిన నీళ్ళు, కొంచెం బెల్లపు నీళ్ళు కలిపి రోట్లో దంచారు. పడమటి గోడకు పోయిన ఆదివారం పూశాం. ఈ రోజు వచ్చి చూస్తే గోడంతా సాలెగూడులా పగుళ్ళు. గోరుతో గీస్తే పొడి రాలుతోంది.

తప్పు సున్నానిది కాదు, నా తొందరది. సున్నం ఎండి గట్టిపడదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా పీల్చుకుని, తాను పుట్టిన రాయిగా మళ్ళీ మారుతుంది. ఆ మార్పు జరగడానికి గోడలో కొంత తడి ఉండాలి. మే నెల ఎండలో పడమటి గోడ పూటలో ఎండిపోయింది కనుక రాయి కావడానికి సమయమే దొరకలేదు. "మిరుగు పడ్డంక చేద్దాం అని చెప్పిన కద సార్" అన్నాడు మేస్త్రీ. మిరుగు అంటే మృగశిర కార్తె. చెప్పాడు, నేనే ఒప్పుకోలేదు. పూసినదంతా గోకి, జల్లించి, మళ్ళీ తొట్టిలో వేశాం. పారేయడానికి మనసొప్పలేదు, పారేయవలసిన అవసరమూ లేదు.

జూన్ 2, ఆదివారం

పైకప్పు పూర్తయింది. సికింద్రాబాదులో పాత ఇళ్ళ సామాను అమ్మే చోట ఒక కూల్చిన ఇంటి బెంగుళూరు పెంకులు 420 దొరికాయి. ఒక్కొక్కటీ రెండున్నర కిలోల దగ్గర ఉంటుంది. చదరపు మీటరుకు దాదాపు 15 పెంకులు పడతాయి కాబట్టి, మా 26 చదరపు మీటర్ల వాలుకు 390 పట్టాయి. బరువు టన్ను దాకా పోతుంది. రేకుల కోసం వేసిన పాత వాసాలు ఆ బరువుకు చాలవు. చెదలు తిన్నవాటిని తీసి, వాటి చోట అదే అడ్డాలో కొన్న టేకు వాసాలు వేసి, దూరం తగ్గించి రీపర్లు కొట్టాం. మిగిలిన ముప్పై పెంకులను గోడ వెనక పేర్చాం. అనంతగిరి ప్రాంతంలో కోతులు ఎక్కువ. వాటి గంతులకు ఏడాదికి పది పదిహేను పెంకులు పగులుతాయని మేస్త్రీ ముందే చెప్పాడు.

రోడ్డు వెడల్పు కోసం కొట్టేస్తారంటున్న చేవెళ్ళ మర్రిచెట్ల కింద పెంకుల వ్యానులో కూర్చుని వచ్చిన ఆ రెండు గంటలూ, ఆ నీడ ఇంకెన్నాళ్ళు ఉంటుందో అన్న దిగులు నన్ను వదలలేదు.

జూన్ 23, ఆదివారం

మృగశిర వానలు పడ్డాయి. గాలిలో తేమ వచ్చింది. అదే సున్నం, అదే మేస్త్రీ, అదే గోడ. పూత పూశాక తడి గోనెసంచులు వేలాడదీసి, పది రోజులు పొద్దునా సాయంత్రం నీళ్ళు చల్లే పనిని పక్క పొలం రైతుకు అప్పజెప్పాం. ఈ రోజు వేలితో కొట్టి చూస్తే గోడ ఖణేల్మంది. ఒక్క పగులు లేదు. నేలకు తాండూరు నీలిబండలు పరిచాం. సందులలోనూ సున్నమే.

జూలై 21, ఆదివారం

నిన్న రాత్రంతా కుండపోత. ఉదయం గదికి చేరేసరికి కొప్పు కింద రెండు చోట్ల కారిన గుర్తులున్నాయి. పెంకులలో తప్పు లేదు. కొప్పు పెంకుల కింద కూరిన గచ్చు ఒక మూల తక్కువైంది. ఎక్కి సరిచేశాం.

ఒక పక్క చూరుకు మాత్రమే తొట్టి గొట్టం కట్టి 500 లీటర్ల పీపాలోకి దించాం. ఆ పక్క కప్పు పరిచే నేల 12 చదరపు మీటర్లు. ఒక మిల్లీమీటరు వాన పడితే 12 లీటర్లు రావాలి. ఆవిరి, చిందులు పోగా పది అనుకోవచ్చు. పీపా నిండాలంటే 50 మిల్లీమీటర్ల వాన కావాలి. నిన్న రాత్రి నిటారు గోడల గిన్నెలో 57 మిల్లీమీటర్లు నిలిచాయి. పీపా పొంగి పొర్లుతోంది. ఋతువులో మొదటి వానలు కప్పు మీది దుమ్మును, పక్షుల రెట్టలను కడిగేస్తాయి కాబట్టి వాటిని పీపాలోకి రానివ్వకుండా పక్కకు వదలడానికి ఒక బిరడా పెట్టాం. ఈ నీరు కడగడానికే. తాగడానికి ఊళ్ళోని మిషన్ భగీరథ మంచినీటి కుళాయి నుండి క్యాన్లు మోస్తాం.

ఆగస్టు 25, ఆదివారం

వెలుతురు. లెక్క ఇలా వేశాను: ఐదు వాట్ల దీపాలు మూడు, ఐదు గంటలు వెలిగితే 75 వాట్-గంటలు, డీసీ ఫ్యాను 28 వాట్లది, ఎనిమిది గంటలు తిరిగితే 224, ఫోన్లకు 30. రోజుకు మొత్తం దాదాపు 330. వంద వాట్ల పలక ఎండ బాగున్న రోజున, నష్టాలు పోగా, 300 ఇస్తుంది, అది చాలదు. అందువల్ల 160 వాట్ల పలక, 12.8 వోల్టుల 50 ఆంపియర్-గంటల లిథియం బ్యాటరీ తెచ్చాం. మబ్బు పట్టినా దాదాపు రెండు రాత్రులు గడుస్తుంది. పలకను దక్షిణ ముఖంగా, ఇక్కడి అక్షాంశానికి తగ్గట్టు 17 డిగ్రీల వాలుతో బిగించాం.

దీపాల విషయంలో మొదట తప్పు చేశాను. తెల్లటి దీపం పెట్టిన గంటకే చెరువు మీది పురుగులన్నీ గదిలోకి వచ్చాయి. తెలుపు, నీలం వెలుగుకు పురుగులు ఎక్కువగా వస్తాయి. పసుపు వెలుగు దీపాలు మార్చి, చెరువు వైపు అరుగు మీద దీపమే లేకుండా చేశాం. ఆ వైపు చీకటిగా ఉంటేనే నీటి మీది పక్షులకూ సుఖం, మాకూ చెరువు కనబడుతుంది. ఊరికి ఇంత దూరం వచ్చి అరుగును హైదరాబాదు వీధిలా వెలిగించడం నా దృష్టిలో చెరువును ఖరాబు చేయడం కిందికే వస్తుంది.

అక్టోబరు 10, గురువారం

సద్దుల బతుకమ్మ. మత్తడి దుంకుతోందని నీరటి వారం కిందటే కబురు పెట్టాడు. మామగారిని కూడా తీసుకుని వచ్చాం.

కట్ట మీద ఊరి ఆడవాళ్ళు గునుగు, తంగేడు పూల బతుకమ్మలను నీటిలో వదులుతుంటే, మేము ఇవతలి ఒడ్డున నా ఎర్ర మేకును వెతుక్కున్నాం. మేకు కనబడలేదు. నీరు దానిని దాటి గది వైపు వచ్చింది. చింతమొద్దు కూడా సగం నీళ్ళలో ఉంది. నీటి అంచు నుండి గోడకు టేపు పట్టాను: 38 మీటర్లు. నా లెక్కకన్నా ఆరు మీటర్లు దగ్గర.

ఎక్కడ తప్పానా అని మత్తడి దాకా వెళ్ళి చూశాక అర్థమైంది. మత్తడి అంచు ఎత్తు నేను సరిగ్గానే కొలిచాను. అయితే నీరు అంచును తాకి ఆగదు. బయటికి పారాలంటే అంచు మీద కొంత మందం ఉండాలి. ఈ రోజు ఆ మందం 15 సెంటీమీటర్లు ఉంది. మా వైపు ఒడ్డు ప్రతి 40 సెంటీమీటర్ల దూరానికి ఒక సెంటీమీటరు చొప్పున ఎంతో మెల్లగా లేస్తుంది. 15 సెంటీమీటర్ల ఎత్తు ఇక్కడ ఆరు మీటర్ల దూరం అవుతుంది. నా గొట్టం నిలిచిన నీటి ఎత్తు చెప్పింది, నీరటి కదిలే నీటి ఎత్తు చెప్పాడు. ఇప్పుడు ఈ నీటి అంచున రెండో మేకు పాతాను, నీలిరంగుది. ఇకమీదట ఏ పని చేసినా దూరం ఈ నీలి మేకు నుండి కొలుస్తాం.

ఇంకో సంగతి కూడా నీరటి దగ్గరే తెలిసింది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పనులలో ఈ చెరువు పూడిక కూడా తీశారు. ఆ ఒండ్రును రైతులు పొలాలకు తోలుకున్నారు. చెరువు లోతైంది కాబట్టి నీరు మా గది దాకా వచ్చే ప్రమాదం తగ్గి ఉంటుందని నేననుకున్నాను. అది సరికాదు. మత్తడి అంచు మారలేదు కనుక గీత మారదు. లోపల నీరు ఎక్కువ నిలుస్తుంది, నిండడానికి ఎక్కువ రోజులు పడుతుంది, ఎండాకాలంలో ఎక్కువ నాళ్ళు మిగులుతుంది. గీత మాత్రం అదే.

మత్తడి దూకిన నీరు వాగై కాగ్నాలో కలిసి, కర్ణాటకలో భీమాకు, అక్కడినుండి కృష్ణకు పోతుంది. ఇదే కొండల తూర్పు వాలున పడిన వాన మూసీ అయి, గండిపేట మీదుగా హైదరాబాదు నడుమ నుండి పారి, వాడపల్లి దగ్గర అదే కృష్ణలో కలుస్తుంది. మామగారు చేతికర్రతో నీటి అంచును తాకి, 1984లో గది జాగా చూపించింది ఈ నీరటి తండ్రేనని చెప్పారు. మామగారు ముందు ఎంచుకున్న చోటు ఈ రోజు నీళ్ళలో ఉంది.

నవంబరు 8, శుక్రవారం

పది రోజుల నివాసం మొదలైంది. సామాను: రెండు మడత మంచాలు, దోమతెరలు, దుప్పట్లు, తాండూరు కందిపప్పు, బియ్యం, జొన్నపిండి, చింతపండు, ఎండుమిర్చి, 20 లీటర్ల క్యాన్లు ఆరు, చేతిదీపాలు, మందుల పెట్టె. పొయ్యికి గొట్టం బిగించాం కాబట్టి పొగ బయటికి పోతోంది. వంటచెరకుకు అడవిలో పుల్ల కూడా ఏరం. రైతుల దగ్గర కంది కట్టె, పత్తి కట్టె కొన్నాం.

నేల మీద పడుకోకూడదన్నది మేము తప్పని నియమం. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. దాని కాటు నొప్పి అంతగా తెలియదు. నేల మీద నిద్రపోయేవారినే ఎక్కువగా కరుస్తుంది. మంచం, అంచులు పరుపు కిందికి దోపిన దోమతెర, మంచం దిగే ముందు చేతిదీపం, బూట్లు దులిపి తొడుక్కోవడం: ఈ నాలుగూ ఇద్దరం ఒకరికొకరం గుర్తుచేసుకుంటున్నాం. పాము విషానికి మందు ఏ ఆసుపత్రిలో ఉంటుందో, అక్కడికి ఎంతసేపు పడుతుందో ముందే కనుక్కుని, పక్క పొలం రైతు ట్రాక్టరు రాత్రి కూడా అందుబాటులో ఉండేలా మాట్లాడుకున్నాం.

నవంబరు 11, సోమవారం

రాత్రి 16 డిగ్రీలు. ఫ్యాను అవసరమే లేదు. ఆ లెక్కన బ్యాటరీ సగం కూడా దిగడం లేదు. రాత్రి తీతువు అరుపుకు రెండుసార్లు మెలకువ వచ్చింది. దూరంగా నక్కల కూత.

ఉదయం ఐదున్నరకు అరుగు మీద కూర్చుంటే నీటి మీద పొగమంచు గజం ఎత్తున నిలిచి ఉంటుంది. నీటికాకులు ముందు వస్తాయి, తరువాత కొంగలు, ఎండ తగిలాక లకుముకి పిట్ట. చేపలు పట్టే ముదిరాజులు పుట్టి వేసుకుని వల తీయడానికి వచ్చేది కూడా ఆ వేళకే. ఈ రోజు వాళ్ళ దగ్గర ఒక రవ్వ చేప కొన్నాం. కొర్రమీను కూడా పడిందట, కానీ దానికి ముందే ఊళ్ళో బేరం కుదిరింది. పులుసు కాగుతుంటే నా భార్య తన చిన్నతనంలో ఇదే గదిలో తండ్రి పక్కన పడుకుని, పందులు వరిలోకి రాకుండా డబ్బా కొట్టిన రాత్రుల గురించి చెప్పింది. పెళ్ళయిన ముప్పై నాలుగేళ్ళలో ఆ మాట నేను వినలేదు.

నవంబరు 13, బుధవారం

గిన్నెలు కడిగే చోట ఒక నీరుకట్టె పాము. విషం లేనిది, కప్పలకోసం వచ్చింది. కదలకుండా నిలబడ్డాం, పోయింది. అరటి పాదు దగ్గర తడి నిలుస్తున్నందువల్ల కప్పలు చేరుతున్నాయి. పాదును గుమ్మానికి ఇంకో మూడు గజాలు దూరం జరపాలి.

నీటి ఖర్చు రాస్తున్నాను: తాగడానికి, వంటకు ఇద్దరికీ రోజుకు 11 లీటర్లు, స్నానానికి, కడగడానికి 40. మల్కాజిగిరిలో ఇంతకు ఎన్ని రెట్లు వాడతామో ఇంటికి వెళ్ళాక మీటరు చూసి రాయాలి.

నవంబరు 15, శుక్రవారం

కార్తీక పూర్ణిమ. ఊరి నుండి నలుగురైదుగురు వచ్చి ఆకుదొన్నెల్లో దీపాలు వదిలారు. మేము గదిలోని దీపాలన్నీ ఆర్పేశాం. వెన్నెలలో చెరువు అవతలి కట్ట, దాని మీది తాటిచెట్లు లెక్కపెట్టగలిగినంత స్పష్టంగా కనబడ్డాయి. పదకొండింటి దాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

నవంబరు 17, ఆదివారం

సర్దుకోవడం. పొడి దొడ్డిలో పది రోజులకూ వాసన రాలేదు. బూడిద మాత్రం అనుకున్నదానికన్నా రెండింతలు పట్టింది. పడమటి గోడ మీద వేలి మందాన తేమ చార కనబడింది, కొప్పు మూల నుండి దిగింది, మేస్త్రీకి చెప్పాలి. కోతులు ఆరు పెంకులు పగలగొట్టాయి. చెత్త అంతా రెండు సంచులు, మాతోనే హైదరాబాదుకు. తలుపు వేసే ముందు నీలి మేకు దగ్గరికి వెళ్ళాను: నీరు దానికి ఎనిమిది మీటర్లు, ఎర్ర మేకుకు రెండు మీటర్లు వెనక్కి తగ్గింది. అంటే మత్తడి ఆగి కొన్ని రోజులైంది.

డిసెంబరు 22, ఆదివారం

ఒక్క పూట వెళ్ళివచ్చాను. యాసంగి నాట్లకు నీరటి తూము ఎత్తాడు. పాదు జరిపాం, కొప్పు మూల సున్నం మళ్ళీ కూరాం, పెంకులు మార్చాం. ఎర్ర మేకు నుండి నీటి అంచుకు 19 మీటర్లు. మామగారు ఈసారి రాలేకపోయారు. ఇంటికి రాగానే ఆయన అడిగిన మొదటి మాట ఆ అంకె గురించే, చెప్పాను. తూము ఎన్ని జానలు ఎత్తారో అడగడం మరచిపోయినందుకు, రేపు పొద్దున్నే నీరటికి ఫోను చేయమన్నారు.